సాంచాల చప్పుడు, మైకేల్ జాక్సన్, మా నాయిన

1996 నవంబర్ 1, శుక్రవారం. బొంబాయి అంధేరీల ఉన్న స్పోర్ట్స్ కాంప్లెక్స్ గ్రౌండుకు మైకేల్ జాక్సన్ వచ్చిన రోజు. ఆ రోజు నేను ఆ గ్రౌండ్లనే ఉన్న. టికెట్ కొనుక్కొని పోలే. గంత పైస నా తాన ఎక్కడిది? బొంగులు మోసుడు, బారికేడ్లు కట్టుడు, కుర్చీలు ఏసుడు, గీ పనికి కూలీగ పోయిన. అప్పుడు నాకు 20 ఏండ్లు. భీమండిల సోపతోని తాన రెండు సాంచాలు నడుపుతున్న అని మా నాయినకు అబద్ధం చెప్పి, వారం రోజుల సంది అంధేరీల పడి ఉన్న.

ఇన్నేండ్లకు ఈ ముచ్చట ఎందుకు రాస్తున్ననంటే, మొన్న మా దిక్కు ఒక పెండ్లి బరాత్‌ల ఓ పదేండ్ల పిలగాడు మూన్‌వాక్ చేసిండు. మస్తు చేసిండు. వాళ్ల నాయిన పక్కన నిలబడి ఫోన్ల వీడియో తీస్తున్నడు. సరిగ్గ రాలేదని మల్ల చేపిచ్చిండు. మల్ల రాలేదని మల్ల. నాలుగోసారికి పిలగాని మొకం వాడిపోయింది. అయినా చేసిండు, వాళ్ల నాయిన దిక్కు చూసుకుంట చేసిండు. అయిపోయినంక దగ్గరికి పిలిచి, గది ఎవల స్టెప్పు బిడ్డా అని అడిగిన. రీల్స్‌ల చూసిన పెదనాయినా అన్నడు. అంతకన్న ఎక్కువ వానికి తెల్వదు. వానికి చెప్పినట్టుగనే మీకు చెప్తున్న.

మైకేల్ పుట్టింది 1958 ఆగస్టు 29న, అమెరికాల ఇండియానా రాష్ట్రంల, గ్యారీ అనే పట్నంల. ఉక్కు కంపెనీ తన పని కోసం కట్టుకున్న ఊరది. ఊరి పేరు కూడ ఆ కంపెనీ పెద్దమనిషి పేరే. పొద్దు మాపు పొగ, సైరన్లు, షిఫ్టులు. మైకేల్ వాళ్ల నాయిన జో జాక్సన్ ఆ ఉక్కు మిల్లుల క్రేన్ నడిపేటోడు. అమ్మ క్యాథరిన్‌కు చిన్నప్పుడు పోలియో వచ్చి నడకల కొంచెం కుంటు ఉండె. రెండు పడకర్రల చిన్న ఇల్లు, అండ్ల తొమ్మిది మంది పిల్లలు. ఇంకో పిలగాడు పుట్టంగనే పోయిండు. మైకేల్ చిన్నోళ్లల్ల ఒకడు. వాని తర్వాత ఒక తమ్ముడు, ఒక చెల్లె అంతే.

జోకు కూడ పాటల పిచ్చి ఉండె. తమ్మునితోని కలిసి చిన్న బ్యాండు పెట్టి గిటార్ వాయించేటోడు. అది సాగలే. గిటార్‌ను ఇంట్ల దాచి, పిల్లలెవ్వరు ముట్టొద్దన్నడు. నాయిన డ్యూటీకి పోంగనే టీటో అనే కొడుకు తీసి వాయించుడు మొదలువెట్టిండు. ఒకరోజు తీగ తెగింది. జో వచ్చి చూసిండు, కోపానికొచ్చిండు, ఆనక వాయించి చూపెట్టమన్నడు. వాడు వాయించంగనే జో కండ్లకు వేరే లోకం కనవడ్డది. తనతోని కానిది పిల్లలతోని అయితదనుకున్నడు. గా రోజు సంది ఆ ఇంట్ల ఆట బందైంది. బడి నుంచి రాంగనే రిహార్సల్. మైకేల్ ఐదారేండ్లకే పాటకు ముందటికొచ్చిండు. వారాంతం వస్తె వ్యాన్ల కూసొని ఊర్లు తిరుగుడు, పెద్దోళ్లు తాగి ఊగే క్లబ్బులల్ల అర్ధరాత్రి దాక పాడుడు, సోమవారం పొద్దుగాల మల్ల బడి.

రిహార్సల్ జరుగుతున్నంత సేపు జో చేతుల బెల్టు ఉండేదట. అడుగు తప్పితె దెబ్బ పడేది. నాయిన కొట్టేటోడని మైకేల్ పెద్దగైనంక 1993ల ఓప్రా విన్‌ఫ్రీ టీవీ ఇంటర్వ్యూల లోకమంతా చూస్తుండంగ చెప్పిండు. నాయిన కనవడితె భయానికి వాంతి వచ్చేదని కూడ చెప్పిండు.

ఇక్కడ జర ఆగుత. నేను 1985ల, తొమ్మిదేండ్లప్పుడు సిరిసిల్ల నుంచి భీమండికి పోయిన. మా నాయిన అంతకు ముందే పోయిండు. మా వాడకట్టుల సగం మంది మొగోళ్లు ఆడనే ఉంటుండిరి. తెలంగాణ కూలీలకు బొంబాయి కొత్తది కాదు. కామాఠిపురా అనే పేరు మన దిక్కు నుంచి పోయిన కామాఠీ కూలీల నుంచే వచ్చింది. మా కుటుంబం పని భీమండి సాంచాల మీద. నాయిన రాత్రి షిఫ్టు చేస్తె, నేను పక్కన కండెలు చుడుతుంటి. మూడోసారి దారం తెగితె దెబ్బ. సాంచెకు తోలు పట్టా ఉంటది, కట్టెను కొట్టి నాడెను అటిటు ఉరికిచ్చేది. పాతదైతె తీసి గోడకు ఏలాడదీస్తరు. మా నాయిన తాన అసొంటిది ఒకటి ఉండె. ఎందుకో మీకు చెప్పక్కర లేదు. సంక్రాంతి వస్తె పక్క మిద్దె మీద పిల్లలు గాలిపటాలు ఎగిరేస్తుంటె, రేకుల షెడ్డు కంతలకెల్లి చూసుకుంట కండెలు చుట్టిన.

మైకేల్‌కు కూడ అసొంటిదే ఒక యాది ఉండె. రికార్డింగ్ స్టూడియోకు ఎదురుంగ ఒక పార్కు. పిల్లలు ఆడుకుంటున్న చప్పుడు వినుకుంట స్టూడియోలకు పోయేటోడట, లోపటికి పోయి ఏడ్చేటోడట. గా ముచ్చట నేను మొదలు విన్నప్పుడు కండెల డబ్బా గుర్తుకొచ్చింది. వాని మీద నాకున్న ప్రేమకు స్టెప్పుల కన్న ముందు కారణం గదే.

తర్వాతి కథ ఉరుకుతది. 1967ల న్యూయార్క్ అపోలో థియేటర్ల పోటీ గెలిచిన్రు. 1969ల మోటౌన్ కంపెనీ తీసుకున్నది. జాక్సన్ 5 అని పేరు. మొదటి నాలుగు పాటలు వరుసగ అమెరికాల నంబర్ 1. ముందట నిలబడి పాడేటోనికి 11 ఏండ్లు. జోకు లెక్క కుదిరింది, ఉక్కు మిల్లు కొలువు ఇడిసిపెట్టిండు, కుటుంబం కాలిఫోర్నియాకు పోయింది. గ్యారీ అట్లనే పొగల ఉండిపోయింది, ఆనక ఆ పొగ కూడ తగ్గి సగం ఊరు పాడువడ్డది.

మైకేల్ సొంతంగ ఎగిరింది క్విన్సీ జోన్స్ అనే సంగీత దర్శకుడు దొరికినంక. 1979ల ఆఫ్ ది వాల్. 1982 నవంబర్ 30న థ్రిల్లర్. లోకంల అన్నిటికన్న ఎక్కువ అమ్ముడువోయిన ఆల్బమ్ గదే. 1984ల ఒక్క రాత్రిల 8 గ్రామీలు తీసుకున్నడు. దానికన్న పెద్ద సంగతి ఒకటుంది. అప్పట్ల ఎంటీవీ అనే పాటల ఛానెల్ల నల్లోళ్ల వీడియోలు చానా తక్కువ వస్తుండె. రికార్డు కంపెనీ గట్టిగ పట్టువడితె బిల్లీ జీన్ వేసిన్రు. ఆ తలుపు ఒక్కసారి తెరుసుకున్నంక మల్ల మూసుడు ఎవలతోని కాలే. వాడలకు బయట నిలబెట్టుడంటే ఏందో మన ఊర్లల్ల తెల్వనోళ్లు ఎవరు?

ఇగ మూన్‌వాక్. 1983 మార్చి 25న మోటౌన్ కంపెనీ 25 ఏండ్ల పండుగల చేసిండు, టీవీల మే 16న వచ్చింది. కొన్ని క్షణాల అడుగు అది. ముందటికి నడుస్తున్నట్టు కాళ్లు, ఎన్కకు జారుతున్న మనిషి. అది వాడు కనిపెట్టింది కాదు. బిల్ బెయిలీ అనే డ్యాన్సర్ ఎన్నో ఏండ్ల కింద అసొంటి అడుగేసిండు, గల్లీలల్ల నల్లజాతి పిల్లలు చేస్తుండిరి. మైకేల్ వాళ్ల తాన నేర్సుకున్నడు, సాధన చేసిండు. గల్లీ ఆటను లోకం ముందట పెట్టిండు. మనకాడ ఒగ్గు కథ చెప్పెటోని అడుగును సినిమావోళ్లు ఎత్తుకపోతె పేరు కూడ చెప్పరు, గది వేరే పంచాదీ.

ఇంకో స్టెప్పు ఉన్నది, మీరు చూసే ఉంటరు. మనిషి నిటారుగ ఉండి, మడిమెలు లేవకుంట ముందటికి కొబ్బరిచెట్టు ఒరిగినట్టు ఒరుగుతడు. మంత్రం లేదు, మాయ లేదు. బూటు మడిమెకు గాడి ఉంటది, స్టేజీ నుంచి లేసే మొలకు ఆ గాడి తగిలిస్తరు. ఆ బూట్లకు 1993ల మైకేల్ పేరు మీద, ఇంకిద్దరి పేర్ల మీద అమెరికాల పేటెంట్ వచ్చింది. మొల ఉన్నా నడుము, పిక్కల బలం లేకపోతె ముక్కు పగులుతది. నేను భీమండి షెడ్డుల సాంచె కాలుకు చెప్పు ఇరికిచ్చి చేసి చూసిన. పండ్ల సందున ఇప్పటికీ ఒక కంత ఉన్నది.

మాకు ఈయన పేరు తెలిసింది చిరంజీవితోని. 1985ల దొంగ సినిమా వచ్చింది. అండ్ల గోలీమార్ పాట. సమాధులు, దయ్యాలు, ఎర్ర బట్టలు. భీమండిల తెలుగు సినిమా ఆడితె మావోళ్లు పండుగ లెక్క పోతుండిరి. ఆ పాటకు నేను పిచ్చోన్నయిన. నాలుగైదేండ్లకు ఒక వీడియో పార్లర్ల థ్రిల్లర్ అసలుది చూసిన. చిరంజీవిని ఎవడో కాపీ కొట్టిండని మొదట కొట్లాట పెట్టుకున్న. తారీఖులు చూసినంక నోరు మూసుకున్న. ప్రభుదేవా ముక్కాబులా పాట వచ్చేటాలకు మా గ్యాంగుల అందరం మైకేల్ చేతులే, మైకేల్ కాళ్లే.

గందుకే వాడు బొంబాయికి వస్తున్నడని తెలిసినప్పుడు ఆగలేకపోయిన. ఎయిర్‌పోర్ట్ల సోనాలీ బెంద్రే హారతి పట్టింది. రోడ్ల మీద జనం. ఒక పార్టీ యువజన ఉపాధి సంస్థ పేరు మీద షో పెట్టిన్రు, పేద నిరుద్యోగుల కోసమని చెప్పి సర్కారు వినోద పన్ను మాఫీ చేసింది. దాని మీద కోర్టుల కేసు ఏండ్లకేండ్లు నడిచింది. నిరుద్యోగుల సంగతి నాకు తెల్వదు గాని, నాకైతె వారం రోజుల కూలి దొరికింది. అండ్ల రెండు రోజులది కాంట్రాక్టర్ ఎగ్గొట్టిండు.

షో నాడు మాకు పెట్టిన డ్యూటీ చెప్తె నవ్వుతరు. బారికేడ్ ఊగకుంట పట్టుకోవాలె, మొకం జనం దిక్కే ఉండాలె. స్టేజీ దిక్కు తిరుగొద్దు. తిరిగితె కూలి కట్. లోకంల అందరికన్న పెద్ద ఆటగాడు నా ఈపెన్క ఆడుతున్నడు, నేను జనం మొకాలు చూస్తున్న. చీకటి పడ్డది. ఆ టూర్ పేరు హిస్టరీ. పెద్ద తెర మీద రాకెట్ ఉరుకొస్తుంటది, అది స్టేజీ కిందికెల్లి నిజంగనే పైకి లేస్తది, అండ్లకెల్లి బంగారి బట్టలు ఏసుకున్న మైకేల్ బయటికొస్తడు. ఇదంత ఆనక తెలిసింది. నాకు ఆ నిమిషంల కనవడ్డది ఏందంటే, ఒక్కపారి వేల నోర్లు తెరుసుకున్నయి, వేల చేతులు లేసినయి, నా ముందున్న ఒక పెద్దింటి ఆడిపిల్ల సోయి తప్పి నా చేతుల మీదికి ఒరిగింది. నీళ్ల ప్యాకెట్ నోట్ల పోసిన.

మల్ల చప్పుడు. అంత పెద్ద స్పీకర్లు నేను ఎన్నడు చూడలే. డ్రమ్ము దెబ్బ చెవుల నుంచి రాలే, భూమి నుంచి పాదాలకు, పాదాల నుంచి ఛాతికి ఎక్కింది. అందరు బిత్తరపోయిన్రు. నాకు మాత్రం గది తెలిసిన చప్పుడే. వంద సాంచాలు ఒక్కతాన ఆడుతుంటె షెడ్డుల ఒంట్లకు ఎక్కేది గదే అదురు. చిన్నప్పటి సంది గా చప్పుడంటే నాకు భయం, దెబ్బ, నిద్ర లేమి. గా రాత్రి గదే చప్పుడుకు నా కాళ్లు ఆడినయి.

మూడో నాలుగో పాటకు తిరిగిన. కూలి పోతె పోయింది అనుకున్న. సామాన్ల మీదికెల్లి సన్నటి మనిషి, చిటికెన ఏలంత. బిల్లీ జీన్‌కు ముందు ఒక పెట్టె పట్టుకొని వచ్చిండు, నింపాదిగ తెరిసి చొక్కా, చేతి తొడుగు, టోపీ తీసిండు. మన బాగోతపోళ్లు అద్దం ముందట యాసం కట్టుకున్నట్టు. టోపీ పెట్టంగనే గ్రౌండ్ మొత్తం లేసింది. ఎర్త్ సాంగ్‌కు స్టేజీ మీదికి యుద్ధ ట్యాంక్ వచ్చింది, అండ్లకెల్లి దిగిన సిపాయికి ఒక చిన్నపిల్ల పువ్వు ఇచ్చింది. నడుమల చిన్నప్పటి జాక్సన్ 5 పాటలు పాడిండు. 38 ఏండ్ల మనిషి పదకొండేండ్ల పిలగాని పాటలు పాడుతున్నడు. నేను ఏడ్చిన. పక్కనున్న బిహార్ సోపతి దెబ్బ తాకిందా అని అడిగిండు.

తెల్లారి భీమండికి చేరేసరికి నాయినకు సంగతి తెలిసిపోయింది. దర్వాజల నిలబడ్డడు. చేతుల పట్టా. ఎత్తిండు. నేను ఆ చెయ్యి పట్టుకున్న. జన్మల మొదటిసారి. ఇద్దరం గట్లనే చానాసేపు నిలబడ్డం. ఆయన చేతిల బలం తగ్గిందని నాకు గప్పుడే తెలిసింది, ఆయనకు కూడ గప్పుడే తెలిసిందనుకుంట. బట్టలు సర్దుకొని బొంబాయికి పోయిన. ఏడేండ్లు మాట్లాడలే.

అభిమాని కాబట్టి మంచే చెప్పిండు అనుకుంటరని ఇంకో సంగతి కూడ రాయాలె. 1993ల ఒక పిలగాని కుటుంబం మైకేల్ మీద లైంగిక వేధింపుల ఆరోపణ పెట్టింది. 1994ల పైసలిచ్చి సివిల్ కేసు ఒప్పందం చేసుకున్నరు. ఇంకో పిలగాని కేసుల 2003ల అరెస్ట్ అయిండు, 2005 జూన్ 13న జ్యూరీ అన్ని అభియోగాలల్ల నిర్దోషి అన్నది. చనిపోయినంక 2019ల ఇద్దరు పెద్దమనుషులు తమ చిన్నతనంల ఏం జరిగిందో ఒక డాక్యుమెంటరీల చెప్పిన్రు. మైకేల్ వారసులు అబద్ధం అన్నరు. అది చూసినంక ఆర్నెల్లు వాని పాట పెట్టలే. పిలగాడు చెప్పిన మాట పెద్దోళ్లు నమ్మకపోతె ఎట్లుంటదో నాకు తెలుసు. ఇప్పుడు పాట వింట, గాని వాడు దేవుడని ఎవడన్న అంటె ఒప్పుకోను.

తోలు రంగు గురించి మాత్రం వానికి అన్యాయమే జరిగింది. తెల్లగ కావాలని మందులు పూసుకున్నడని ఎక్కిరించిన్రు. వానికి బొల్లి ఉండె. 1993ల వాడే చెప్పిండు, ఎవరు నమ్మలే. చచ్చినంక పోస్టుమార్టంల అదే తేలింది. బొల్లి వస్తె మన ఊర్లల్ల పెండ్లి సంబంధాలు ఎట్ల ఎన్కకు పోతయో చూస్తనే ఉన్నం. ముక్కు ఆపరేషన్లు మాత్రం కావాలని చేయించుకున్నడు. చిన్నప్పుడు ఆ ముక్కును ఎక్కిరించినోడు వాళ్ల నాయినే. 1984ల పెప్సీ యాడ్ తీస్తుంటె జుట్టుకు నిప్పంటుకొని నెత్తి కాలింది. వచ్చిన 15 లక్షల డాలర్ల పరిహారాన్ని దవాఖానల కాలినోళ్ల వార్డుకే ఇచ్చిండు. గాని ఆ మంట సంది నొప్పి మందులు అలవాటైనయి. ఆనక నిద్ర మందులు. 2009 జులైల లండన్ల 50 షోలు మొదలువెట్టాల్సి ఉండె. జూన్ 25న, ఆపరేషన్ల మత్తుకు ఇచ్చే ప్రొపోఫోల్ అనే మందు ఒంట్ల ఎక్కువై చచ్చిపోయిండు. 50 ఏండ్లు. మందు ఎక్కిచ్చిన డాక్టర్‌కు 2011ల శిక్ష పడ్డది.

మనకు ఆ ముచ్చట తెలిసింది జూన్ 26 పొద్దుగాల. అప్పటికి నేను సిరిసిల్లకు తిరిగొచ్చి చిన్న కరెంట్ సామాన్ల దుకాణం పెట్టుకున్న. నాయిన మంచానికి ఆనుకొని ఉన్నడు. దూది దుమ్ము ఊపిరితిత్తులను తిన్నది. మాట్లాడుకునేటోళ్లమే, అన్నం తిన్నవా, మందు ఏసుకున్నవా, అంతవరకే. టీవీల చూపెడుతుంటె ఎవలు వాడు, నువ్వు ఉరికిపోయింది వీని కోసమేనా అని అడిగిండు. అవునన్న. కథ చెప్పమన్నడు. ఉక్కు మిల్లు నుంచి మొదలువెట్టిన. బెల్టు కాడికొచ్చేసరికి ఆగిన. చెప్పమన్నడు. చెప్పిన. గోడ దిక్కు తిరిగి పండుకున్నడు.

వారం రోజులకు పేపర్ల విల్లు సంగతి వచ్చింది. అమ్మకు, పిల్లలకు, దానధర్మాలకు రాసిండు. నాయిన జో పేరు లేదు. నాయిన ఏమీ అడగకపోతె నేను చెప్పకపోదును. ఆయన నాయినకు ఏం ఇచ్చిండు అని ఆయనే అడిగిండు. ఏం ఇయ్యలే అన్న. చానాసేపటికి, వాడు చేసింది సరే అన్నడు.

వాని పాట ఒకటి పెట్టమన్నడు. ఫోన్ల ఐ వాంట్ యూ బ్యాక్ ఉండె. పెట్టిన. కండ్లు మూసుకొని మొత్తం విన్నడు. గిది పాడినప్పుడు పిలగానికి ఎన్నేండ్లు అని అడిగిండు. పాట బయటికొచ్చినప్పుడు పదకొండు అన్న. కండెల కాడ కూసున్ననాడు నీకెన్నేండ్లు అని అడిగిండు. తొమ్మిది అన్న.

మల్లొకసారి పెట్టమన్నడు. పెట్టిన.